రిజర్వు సైన్యంలో మిగిలిన ఒకే ఒక్క పదాతి దళం: 442వ రెజిమెంట్ సంగతులు తెలిసినవాళ్లు రండి

కృష్ణాతీరం
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. ఏడేళ్లుగా హోనోలులులో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నాతో పాటు పనిచేసే ఒకాయన ప్రతి నెలా ఒక శని, ఆదివారాలు డ్యూటీ మార్పించుకుంటాడు. సంగతేమిటని అడిగితే "డ్రిల్ ఉంది" అన్నాడు. ఆయన అమెరికా ఆర్మీ రిజర్వులో సార్జెంటట. నెలకో శని ఆదివారం, ఏడాదికో రెండు వారాలు శిక్షణ, మిగతా రోజులు మాతో పాటు రక్తం శాంపిళ్లు చూడటం. ఏ దళం అంటే "100వ బెటాలియన్, 442వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్" అని నిలబడి చెప్పాడు. కూర్చుని చెప్పలేదు. అది నా మనసులో ఉండిపోయింది.

ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను. అమెరికా ఆర్మీ రిజర్వులో ఇప్పుడు ఉన్నవన్నీ వైద్యం, రవాణా, ఇంజనీరింగ్, సరఫరా లాంటి దళాలే. తుపాకీ పట్టి నడిచే పదాతి దళం మొత్తం రిజర్వులో ఇదొక్కటే. ఎందుకు దీన్నొక్కదాన్నే ఉంచుకున్నారు? నాకు తెలిసినంత రాస్తాను, మిగతాది మీరు పూరించండి.

ఇది జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలతో కట్టిన పటాలం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడేనాటికి హవాయి జనాభాలో మూడో వంతుకు పైగా జపాన్ మూలాలవాళ్లే. చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం. అక్కడి నేషనల్ గార్డ్ (స్థానికులతో కట్టిన సైన్యం) దళాలైన 298, 299 రెజిమెంట్లలో వాళ్ల కుర్రాళ్లు అప్పటికే సైనికులు. దాడి జరిగాక తీరం వెంట కాపలా కాసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మరుసటి నెల, 1942 జనవరిలో, హవాయి టెరిటోరియల్ గార్డ్‌లో చేరిన జపాన్ మూలాల కాలేజీ విద్యార్థులను ఉన్నపళంగా ఇళ్లకు పంపేశారు. వాళ్లలో 169 మంది "తుపాకీ ఇవ్వకపోతే పారైనా ఇవ్వండి" అన్నట్టు గవర్నరుకు అర్జీ పెట్టుకుని రోడ్లు వేశారు, రాళ్లు కొట్టారు.

గార్డ్‌లో ఉన్న సైనికులను మాత్రం 1942 జూన్ 5న, ఎక్కడికో చెప్పకుండా, ఓడెక్కించారు. 1,432 మంది. జూన్ 12న ఓక్లాండ్‌లో దిగాక వాళ్లకు 100వ ప్రత్యేక పదాతి బెటాలియన్ అని పేరొచ్చింది. మామూలుగా ఒక రెజిమెంటులో బెటాలియన్లు 1, 2, 3 అని ఉంటాయి. వీళ్లకు రెజిమెంటే లేదు, అందుకని 100. ఇల్లు లేని పిల్లాడికి పెట్టిన పేరులా అనిపించింది నాకు.


లలిత_బే_ఏరియా
శనివారం, రాత్రి 10:02

కృష్ణాతీరం గారూ, మంచి చర్చ మొదలెట్టారు. హవాయి సంగతి మీరు చెప్పారు, మెయిన్‌లాండ్, అంటే అసలు అమెరికా గడ్డ మీది సంగతి నేను చెప్తాను. మేముండేది కాలిఫోర్నియాలో శాన్ బ్రూనోకి దగ్గర్లోనే. అక్కడ టాన్‌ఫరాన్ అని ఒకప్పుడు గుర్రప్పందాల మైదానం ఉండేది. తర్వాత షాపింగ్ మాల్ అయింది. మా పిల్లలకి చెప్పులు అక్కడే కొన్నాను. 1942లో వేలమంది జపనీస్ అమెరికన్ కుటుంబాలని తెచ్చి పెట్టింది ఆ చోటేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గుర్రాల కొట్టాల్లో కాపురాలు. పేడ వాసన మీద సున్నం కొట్టి ఇచ్చారు.

1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు వల్ల పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మందిని ఖాళీ చేయించారు. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. చేత్తో మోసుకెళ్లగలిగిందే తెచ్చుకోమన్నారు. పొలాలు, పడవలు, దుకాణాలు కారుచౌకగా అమ్ముకున్నారు. ఆ పైన ఎడారుల్లో, చిత్తడి నేలల్లో ముళ్లకంచెల మధ్య శిబిరాలు.

హవాయిలో అంతమందిని ఎత్తి పెట్టడం కుదరలేదు. పెడితే పనిచేసేవాళ్లు ఉండరు. అదీ తేడా. ఒకే జాతి, ఒకే ముఖం, కానీ హవాయి కుర్రాడి ఇల్లు ఇల్లులాగే ఉంది, కాలిఫోర్నియా కుర్రాడి ఇల్లు పోయింది. ఈ తేడా పట్టుకోకపోతే రెజిమెంటు కథ సగమే అర్థమవుతుంది.


రవి_ఖమ్మం
ఆదివారం, ఉదయం 7:25

అక్కా, అన్నా, నాకొక్కటి సమజ్ కాలే. ఇంట్ల అమ్మానాయినలను కంచె ఏసి పెట్టిన సర్కారు కోసం పానం ఇయ్యనీకి ఎందుకు పోయిన్రు? బలవంతంగ తీస్కపోయిన్రా, ఇష్టం తోటి పోయిన్రా? నేనైతే పోకపోదును.


చరిత్ర_మాష్టారు
ఆదివారం, ఉదయం 8:40

రవీ, నువ్వు అడిగిందే అసలు ప్రశ్న. రెండు అంకెలు చెప్తాను, జాగ్రత్తగా చూడు.

1943 ఫిబ్రవరి 1న 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్ ఏర్పాటు ప్రకటించారు. హవాయి నుంచి 1,500 మంది వాలంటీర్లు కావాలన్నారు. దాదాపు 10,000 మంది వచ్చారు. 2,686 మందిని తీసుకున్నారు. మెయిన్‌లాండ్ నుంచి, అంటే ఎక్కువగా శిబిరాల్లోంచి, 3,000 మంది వస్తారనుకున్నారు. వచ్చింది సుమారు 1,200. లలిత గారు చెప్పిన తేడా ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నువ్వు పోయేవాడివి కాదన్నావు చూడు, కంచె లోపల చాలామందీ అదే అన్నారు.

వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారంటే ఒక్క కారణం కాదు. కొందరికి మాట పడ్డామన్న కసి. కొందరికి, తాము రక్తం కారిస్తే తప్ప తల్లిదండ్రులు ఆ కంచె దాటి రారన్న లెక్క. వాళ్ల తల్లిదండ్రుల తరానికి చట్టం ప్రకారం అమెరికా పౌరసత్వమే దొరకదు. 1952 దాకా దొరకలేదు. ఆ ఇంట్లో పౌరుడంటే కొడుకొక్కడే. ఇంటి తరఫున మాట్లాడాల్సింది వాడే.

రెజిమెంటు నినాదం "గో ఫర్ బ్రోక్". హవాయి జూదగాళ్ల మాట. చేతిలో ఉన్నదంతా ఒకే పందెం మీద ఒడ్డేయడం. మనం తాడో పేడో అంటామే, అది.


సుబేదార్_రిటైర్డ్
ఆదివారం, ఉదయం 11:15

నేను టెరిటోరియల్ ఆర్మీ పదాతి బెటాలియన్‌లో చేసి దిగాను. మన టీఏ కూడా ఇలాంటిదే బాబూ. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారి గారు ప్రారంభించారు. ఏడాదిలో రెండు నెలలు ట్రైనింగు, మిగతా రోజులు ఎవరి ఉద్యోగం వాళ్లది. పిలుపొస్తే మాత్రం రెగ్యులర్ జవాన్ ఎక్కడుంటే మేమూ అక్కడే. నేను జమ్మూ కశ్మీర్‌లో చేసి వచ్చాను. తిరిగొచ్చాక మళ్లీ సైకిల్ షాపులో కూర్చున్నాను.

కృష్ణాతీరం గారు చెప్పిన సార్జెంటు నిలబడి చెప్పాడంటే నాకు ఆశ్చర్యం లేదు. రెజిమెంటు పేరు చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే వెన్ను నిటారవుతుంది.

కంబాట్ టీమ్ అంటే తెలియనివాళ్ల కోసం. ఒట్టి పదాతి రెజిమెంటు కాదు, దాంతో పాటే సొంత ఫిరంగులు, సొంత ఇంజనీర్లు. వీళ్లకు 522వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్, 232వ ఇంజనీర్ కంపెనీ ఉండేవి. 1944 జూన్‌లో ఇటలీలో, చివిటావెక్కియా అనే రేవు దగ్గర, ముందే యుద్ధంలో ఉన్న 100వ బెటాలియన్‌ను 442లో కలిపారు. పద్ధతి ప్రకారం అది 1వ బెటాలియన్ అవ్వాలి. కానీ అప్పటికే అంత నెత్తురు కార్చారు కాబట్టి పాత నంబరు 100 వాళ్లకే ఉంచేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఫౌజీకి కాదు. నంబరు తీసేస్తే ఆ నంబరు కింద చచ్చిపోయినవాళ్లను ఎవరు పిలుస్తారు?


కృష్ణాతీరం
ఆదివారం, మధ్యాహ్నం 2:30

సుబేదార్ గారూ, ధన్యవాదాలు. శిక్షణ కాలం నాటి రెండు సంగతులు రాయాలి.

ఒకటి మనసు కలచివేసేది. 1942 చివర్లో 100వ బెటాలియన్ నుంచి పాతిక మంది వరకూ మిసిసిపి తీరంలో క్యాట్ ఐలండ్ అనే దీవికి పంపారు. జపాన్‌వాడి ఒంటి వాసన వేరుగా ఉంటుందని ఎవరో నమ్మించారట. ఆ వాసన పట్టేలా కుక్కలకు తర్ఫీదివ్వడానికి ఈ అమెరికన్ సైనికులను ఎరగా పెట్టారు. దెబ్బలు కొట్టి కుక్కలను తమ మీదికి ఉసిగొల్పుకోవాలి. కాట్లు పడ్డాయి. వాసన సంగతి తేలలేదు, కార్యక్రమం మూసేశారు. యూనిఫాం వేసుకున్నవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

రెండోది మిసిసిపిలో 442 శిక్షణ పొందిన క్యాంప్ షెల్బీలో కొట్లాటలు. హవాయి కుర్రాళ్లు, మెయిన్‌లాండ్ కుర్రాళ్లు ఒకళ్లంటే ఒకళ్లకు పడేది కాదు. హవాయివాళ్లు పిడ్జిన్ (కలగలుపు ఇంగ్లీషు) మాట్లాడతారు, చేతిలో డబ్బు నిలవదు, పంచుకు తింటారు. మెయిన్‌లాండ్‌వాళ్లు ముభావంగా, పైసా పైసా కూడబెట్టుకుంటూ. హవాయివాళ్లు వాళ్లకు "కొటాంక్" అని పేరు పెట్టారు, కొట్లాటలో తల నేలకు తగిలితే బోలు కొబ్బరికాయ పడ్డ చప్పుడొస్తుందని. అప్పుడు అధికారులు హవాయి కుర్రాళ్లను కొందరిని పక్క రాష్ట్రం ఆర్కన్సాలో ఉన్న రోవర్ శిబిరానికి పంపారు. పేరుకు విహారం. వెళ్లి చూస్తే కాపలా బురుజులు, ముళ్లకంచె, లోపల తమలాంటి ముఖాలు. ఆ బస్సుల్లో వెళ్లినవాళ్లలో డానియల్ ఇనౌయె ఉన్నాడు, తర్వాత సెనేటర్ అయినాయన. తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదని, మేమైతే వాలంటీర్లుగా వచ్చేవాళ్లమా అని తమను తాము అడుగుకున్నామని ఆయన చాలాసార్లు చెప్పారు. కొటాంక్‌లు దాచిన పైసా శిబిరంలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్తోందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అది ఒక్క రెజిమెంటైంది.


మాధవరం_మనవడు
ఆదివారం, సాయంత్రం 6:05

నాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలట్రీ మాధవరం అంటే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊళ్లో సైన్యానికి మనిషిని పంపని ఇల్లు తక్కువ.

ఇటలీలో కసీనో కొండ దగ్గర జరిగిన పోరు గురించి రాద్దామని వచ్చాను. 100వ బెటాలియన్ 1943 సెప్టెంబరులో సలెర్నో దగ్గర ఇటలీలో దిగింది, 34వ డివిజన్ కింద. దిగినప్పుడు సుమారు 1,300 మంది. 1944 జనవరి 24 రాత్రి కసీనో ముందున్న నదీ మైదానం దాటమన్నారు. జర్మన్లు ఆ మైదానాన్ని నీళ్లతో ముంచి మందుపాతరలు పరిచి పెట్టారు. మోకాలి లోతు బురద, చలి, పైన కొండ మీద నుంచి అన్నీ కనిపించే శత్రువు. ఫిబ్రవరి నడిమికి వెనక్కి తీసేనాటికి బెటాలియన్‌లో నిలబడగలిగినవాళ్లు 521 మంది. గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం పేరుతో విలేకరులు వాళ్లను పర్పుల్ హార్ట్ బెటాలియన్ అన్నారు.

34వ డివిజన్ నలిగిపోయాక ఆ కొండ మీద దాని స్థానంలోకి వెళ్లింది ఎవరనుకున్నారు? మన 4వ ఇండియన్ డివిజన్. రాజపుతానా రైఫిల్స్, గూర్ఖాలు. దాని ఇంజనీర్లలో మద్రాస్ శాపర్స్‌కు చెందిన 12వ ఫీల్డ్ కంపెనీ ఉంది. మద్రాస్ శాపర్స్ అంటే తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ. మా తాతగారి అన్నయ్య శాపర్సే, ఇటలీ వెళ్లొచ్చారు. నేను చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కటే చెప్పేవారు: "కొండెక్కే గాడిదల డొక్కలకి కూడా బురదేరా. రోడ్డు వేస్తే పొద్దున్నకి ఉండేది కాదు." ఏ కొండో, ఏ ఊరో చెప్పేవారు కాదు, ఆయనకి పేర్లు తిరిగేవి కాదు. నేను పుస్తకాలు చదివాక ఆ కొండ ఇదే అయ్యుంటుందని నాకు అనిపిస్తుంది.

పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి వెళ్లినవాళ్లు ఒక పక్క, సొంత దేశమే అనుమానించిన సైనికులు ఒక పక్క. ఒకే కొండ, కొన్ని రోజుల తేడా. రవి అడిగిన ప్రశ్న మా తాతని అడిగినా పడుతుంది కదా?


రవి_ఖమ్మం
ఆదివారం, రాత్రి 8:50

మనవడన్నా, మస్తు చెప్పినవ్. ఇంకోటి అడుగుత. వీళ్లను కావాల్నని ముందటికి తోసిన్రని ఒక వీడియోల చూసిన. టెక్సాసోళ్లు 200 మంది అడివిల చిక్కితే వాళ్లను తేనీకి వీళ్లను సంపిచ్చిన్రట. నిజమేనా?


చరిత్ర_మాష్టారు
ఆదివారం, రాత్రి 10:30

ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాల్సిన విషయం.

చోటు: ఫ్రాన్స్ ఈశాన్యాన వోజ్ కొండలు. కాలం: 1944 అక్టోబరు. దట్టమైన పైన్ అడవి, ఎడతెగని వాన, పొగమంచు. 442ను 36వ డివిజన్ కింద వేశారు. టెక్సాస్ నేషనల్ గార్డ్ నుంచి వచ్చిన డివిజన్ అది. దాని కమాండర్ జనరల్ జాన్ డాల్‌క్విస్ట్. అక్టోబరు 15 నుంచి కొండ కొండనూ గెలిచి బ్రుయేర్ ఊరిని, ఆ పైన బిఫొంతేన్‌ను విడిపించారు. అలసి సొలసి వెనక్కి వచ్చి రెండు రోజులైనా కాకముందే మళ్లీ కబురు. 141వ రెజిమెంటు 1వ బెటాలియన్ ముందుకు చొచ్చుకుపోయి చుట్టుముట్టబడింది. వాళ్ల సొంత రెజిమెంటు ప్రయత్నించి చేరలేకపోయింది. అక్టోబరు 26న 442ను పంపారు.

ఆ అడవిలో ఫిరంగి గుళ్లు నేల మీద కాదు, చెట్ల కొమ్మల మీద పేలతాయి. ఇనుము, కొయ్యపేళ్లు కలిసి పైనుంచి కురుస్తాయి. గోతిలో పడుకున్నా రక్షణ లేదు. అక్టోబరు 30న చిక్కుకున్నవాళ్లను చేరారు. ప్రాణాలతో దొరికింది 211 మంది. వాళ్లను చేరేసరికి 'ఐ' కంపెనీలో నడిచే స్థితిలో ఉన్న రైఫిల్‌మన్‌లు 8 మంది, 'కె' కంపెనీలో 17 మంది. ఒక్కో కంపెనీ సుమారు 180 మందిది. అధికారులందరూ పడిపోగా సార్జెంట్లే కంపెనీలను నడిపించారు.

నవంబరు 12న డాల్‌క్విస్ట్ కవాతు చేయించి రెజిమెంటును అభినందించాలనుకున్నాడు. వరసల్లో మనుషులు తక్కువగా కనిపించి, అందరినీ రమ్మన్నాను కదా అని అక్కడి అధికారి మీద కోపగించుకున్నాడట. మిగిలింది ఇంతమందే జనరల్ అని ఆయన జవాబు. ఆ పాతవాళ్లు జీవితమంతా చెప్పుకున్న సంఘటన ఇది.

తెలిసి చంపించారా అన్నదానికి నా జవాబు: వీళ్ల ప్రాణాలను చౌకగా లెక్కగట్టడం మాత్రం జరిగింది. ఆ జనరల్ మ్యాపు చూసి తొందరపెట్టే మనిషి, టెక్సాసువాళ్లను అంత లోతుకు తోసిందీ ఆయనే. అయితే వీళ్లను పంపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కొండల్లో అప్పటికి చేయగలిగిన దళం ఇదేనని అందరికీ తెలుసు. రెండూ ఏకకాలంలో నిజమే.


సుబేదార్_రిటైర్డ్
సోమవారం, ఉదయం 6:40

మాష్టారు గారి మాట సరైనదే. మంచి పటాలానికి ఉన్న శాపం అది. పని చేస్తుందని తెలిస్తే పని దానికే పడుతుంది.

ఒకటి కలపాలి. ఆ టెక్సాసువాళ్లు మర్చిపోలేదు. 1960ల్లో టెక్సాస్ గవర్నరు జాన్ కానలీ 442 సైనికులను గౌరవ టెక్సాస్‌వాసులుగా ప్రకటించారు. బ్రుయేర్‌వాళ్లు 1947లోనే అడవిలో స్మారకం కట్టారు, ఊళ్లో ఒక వీధికి ఈ రెజిమెంటు పేరుంది, హోనోలులుతో సోదర నగర బంధం కూడా.


లలిత_బే_ఏరియా
సోమవారం, ఉదయం 10:20

అందరూ బాగా రాస్తున్నారు. కానీ నాకు ఒక్క విషయం గుచ్చుకుంటోంది, చెప్పకుండా ఉండలేను. వెళ్లనివాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

1943లో శిబిరాల్లో ఒక ప్రశ్నపత్రం పంచారు. 27వ ప్రశ్న: ఎక్కడికి పంపినా సైన్యంలో చేస్తావా? 28వది: అమెరికాకు విధేయుడిగా ఉంటూ జపాన్ చక్రవర్తికి విధేయతను వదులుకుంటావా? ఎన్నడూ లేని విధేయతను వదులుకుంటానని పౌరుడు ఎలా రాస్తాడు? పౌరసత్వం దొరకని పెద్దవాళ్లు ఆ ఉన్న ఒక్క జాతీయతనూ వదులుకుంటే ఏ దేశానికీ చెందరు. రెండిటికీ "కాదు" అని రాసినవాళ్లని ట్యూల్ లేక్ శిబిరంలో వేరుపెట్టారు.

1944లో శిబిరాల కుర్రాళ్లకి నిర్బంధ సైనిక సేవ మళ్లీ వర్తింపజేశారు. వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో 63 మంది "ముందు మా కుటుంబాల్ని వదలండి, అప్పుడొస్తాం" అన్నారు. ఆ జూన్‌లో అందరికీ కలిపి ఒకే విచారణ, మూడేళ్ల జైలు. 1947 డిసెంబరులో అధ్యక్షుడు ట్రూమన్ క్షమాభిక్ష పెట్టారు, కానీ సొంత సమాజం క్షమించలేదు. పిరికివాళ్లన్నారు, దశాబ్దాల పాటు పెళ్లిళ్లకీ పేరంటాలకీ దూరం పెట్టారు. జపనీస్ అమెరికన్ల పెద్ద సంఘం వాళ్లకి బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2002లో.

రెజిమెంటుని ఎంత మెచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ "ప్రాణమిచ్చి విధేయత రుజువు చేసుకున్నారు" అనే వాక్యం వినగానే నా ఒళ్లు మండుతుంది. పౌరుడు రుజువు చేసుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?


కృష్ణాతీరం
సోమవారం, మధ్యాహ్నం 1:05

లలిత గారూ, మీ బాధ అర్థమైంది, కానీ కాస్త తేడాగా చూస్తాను. 1946 జూలై 15న వాషింగ్టన్‌లో వానలో నిలబడి ట్రూమన్ ఈ రెజిమెంటును స్వాగతించారు. మీరు శత్రువుతోనే కాదు, దురభిప్రాయంతోనూ పోరాడి గెలిచారు అన్నారు. ఆ రోజు ఆ మాట అనిపించింది జైలుకెళ్లినవాళ్లు కాదు, బ్రుయేర్ అడవిలో పడిపోయినవాళ్లు. 1959లో హవాయి రాష్ట్రమయ్యాక ఇనౌయె కాంగ్రెస్‌కు వెళ్లగలిగారంటే ఆ ఖాళీ కుడి చేతి చొక్కాయే కారణం కదా? 1945 ఏప్రిల్ 21న ఇటలీలో సాన్ టెరెంజో దగ్గర కొండ మీద, గ్రెనేడ్ పట్టుకున్న కుడి చేయి తెగి వేలాడుతుంటే, ఆ వేళ్లలోంచి గ్రెనేడ్ ఎడమ చేత్తో ఊడదీసి విసిరిన మనిషి ఆయన. సర్జన్ అవుదామనుకున్న కుర్రాడు.


లలిత_బే_ఏరియా
సోమవారం, మధ్యాహ్నం 1:50

ఆయన త్యాగాన్ని నేను తక్కువ చేయట్లేదండీ. ఒక్కటి అడుగుతాను. అంత చేసినా అప్పట్లో ఆయనకి ఇచ్చింది రెండో స్థాయి పతకం. రెజిమెంటు మొత్తానికి యుద్ధం వేడిలో వచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ (అన్నిటికంటే పెద్ద పతకం) ఒక్కటే, తోటివాళ్ల మీద గ్రెనేడ్ పడకుండా ఒళ్లు అడ్డేసిన సడావో మునెమోరికి. మిగతా ఇరవై 2000 జూన్‌లో వచ్చాయి. సగానికి పైగా అప్పటికే లేరు. రుజువు చేసుకున్నవాళ్లకే అయిదు దశాబ్దాలు పట్టిందంటే, తప్పు రుజువులో లేదు, అడిగినవాళ్లలో ఉంది. 1988 చట్టంతో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కో బాధితుడికి 20,000 డాలర్లు ఇచ్చింది. ఆ చట్టానికి ఇనౌయె, ఇంకో సెనేటర్ మత్సునాగ లాంటి 100, 442 దళాల సైనికులూ పనిచేశారు, కంచె లోపల "కాదు" అన్నవాళ్ల వాదనే దానికి పునాది. అందుకే ఇద్దర్నీ కలిపి చెప్పమంటున్నా.


మాధవరం_మనవడు
సోమవారం, రాత్రి 7:30

లలితక్కా, ఈ మాట నాకు కావాల్సిందే. మా ఊరి స్థూపం మీద వెళ్లినవాళ్లు ఉన్నారు. అదే కాలంలో జైలుకెళ్లినవాళ్లు పక్క ఊళ్లలో ఉన్నారు. మేం రెండు రోజులూ జెండా ఎగరేస్తాం, ఒక్కసారి కూడా రెండిటినీ ఒకచోట చెప్పుకోలేదు.

మర్చిపోకముందు 522 ఫిరంగిదళం గురించి. 1945 ఏప్రిల్, మే నెలల్లో వాళ్లు జర్మనీలో వేరే సైన్యంతో ఉన్నారు. నాజీల డాహౌ నిర్బంధ శిబిరానికి చెందిన ఉపశిబిరాల దగ్గర, అక్కడి నుంచి నడిపించుకుపోతున్న ఖైదీల గుంపుల్ని మంచు మీద చూసిన తొలి అమెరికన్ సైనికుల్లో వీళ్లున్నారు. ఎముకల గూళ్లలాంటి మనుషులకి తమ దగ్గరున్న తిండి పెట్టారు. కొందరు ఖైదీలు వీళ్ల ముఖాలు చూసి జపాన్‌వాళ్లొచ్చారు, మనం అయిపోయాం అనుకున్నారట. అదే రోజున ఆ సైనికుల్లో కొందరి అమ్మానాన్నలు అమెరికాలో ముళ్లకంచె వెనకే ఉన్నారు. ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.


సుబేదార్_రిటైర్డ్
మంగళవారం, ఉదయం 7:10

మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కాబట్టి రిజర్వు సంగతి నేను చెప్తాను.

1946లో రెజిమెంటును రద్దు చేశారు. మరుసటి ఏడాదే, 1947లో, హోనోలులులో రిజర్వు దళంగా మళ్లీ నిలబెట్టారు. యుద్ధం చేసి వచ్చినవాళ్లే వారాంతాల్లో వచ్చి కొత్త కుర్రాళ్లకు నేర్పారు. క్రమంగా కుదించుకుంటూ వచ్చి చివరికి ఒక్క బెటాలియన్ మిగిలింది. ఆ బెటాలియన్ పేరులో రెండు నంబర్లూ ఉంచారు: 100, 442. 1968 మేలో వియత్నాం యుద్ధ సమయంలో పిలుపొచ్చింది. హవాయిలోనే షోఫీల్డ్ బ్యారక్స్‌లో సిద్ధంగా ఉంచారు. దళంగా పంపలేదు గానీ, మనుషులను విడివిడిగా తీసి వియత్నాంలో ఖాళీలు నింపారు. 1969 డిసెంబరులో ఇళ్లకు వదిలారు. మళ్లీ 2004లో పిలుపు. 2005 అంతా ఇరాక్‌లో బలద్ స్థావరం చుట్టూ గస్తీ. కొందరు తిరిగి రాలేదు. 2008లో మళ్లీ కువైట్.

1990ల్లో అమెరికా పద్ధతి మార్చుకుంది. యుద్ధం చేసే రిజర్వు దళాలు నేషనల్ గార్డ్ కింద, సాయం చేసే దళాలు ఆర్మీ రిజర్వు కింద. మిగతా పదాతి దళాలు పోయాయి. ఇది పోలేదు. ఈ జెండా దించాలంటే ఆ పాతవాళ్ల ముందు, వాళ్ల సెనేటర్ల ముందు నిలబడి దించాలి. ఎవరు దించుతారు?


కృష్ణాతీరం
శుక్రవారం, రాత్రి 11:20

మూడు రోజులు రాలేకపోయాను, నైట్ డ్యూటీలు. ఈలోపు రెండు పనులు చేశాను.

ఒకటి, ఇక్కడి పంచ్‌బౌల్ సైనిక శ్మశానానికి వెళ్లాను. చల్లారిన అగ్నిపర్వతం గిన్నె లాంటి చోటు, పచ్చిక, నేలకు పరిచిన రాళ్లు. ఇనౌయె అక్కడే ఉన్నారు, 2012లో పోయారు. చుట్టూ 100, 442 అని చెక్కిన రాళ్లు ఎన్నో. చదువుకుంటూ నడిచాను. 1944 అక్టోబరు, 1944 అక్టోబరు, 1944 అక్టోబరు. లలిత గారూ, అక్కడ నిలబడ్డాక మీ మీద వాదించాలనిపించలేదు. హార్ట్ మౌంటెన్ 63 మందికి ఇలాంటి చోటు లేదు కదా అనుకున్నాను.

రెండోది, మా సార్జెంటును క్యాంటీన్‌లో కూర్చోబెట్టి రవి ప్రశ్న అడిగాను. మీవాళ్లు జపనీస్ కాదు కదా, మీరెందుకు ఈ దళంలో ఉన్నారు? ఆయనది అమెరికన్ సమోవా, పాగో పాగో. ఇప్పుడు బెటాలియన్‌లో కంపెనీలు హవాయిలోనే కాదు, సమోవా, గ్వామ్, సైపాన్ దీవుల్లోనూ ఉన్నాయి. పాత జపనీస్ ఇంటిపేర్లు తగ్గిపోయాయి. వాళ్ల అన్నదమ్ములు, మేనమామలు అందరూ సైన్యమేనట.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి నాకు అంతవరకు తెలియదు. అమెరికన్ సమోవాలో పుట్టినవాళ్లు పుట్టుకతో అమెరికా పౌరులు కారు. "నేషనల్స్" అంటారు, అంతే. పాస్‌పోర్టు ఉంటుంది, సైన్యంలో చేరొచ్చు, యుద్ధంలో చావొచ్చు. అధ్యక్ష ఎన్నికల్లో ఓటు మాత్రం లేదు. పౌరసత్వం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన 2005లో ఇరాక్ వెళ్లేనాటికి పెట్టుకోలేదు.

మరెందుకు వెళ్లారు అన్నాను. చాలాసేపు కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. చేరిన మొదటి డ్రిల్‌కు తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన వచ్చాడట, 442వాడు. ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. వరసలో ఒక్కొక్కడి ముందూ ఆగి, చొక్కా మీద పేరు చదివి, సరిగ్గా పలికేదాకా రెండు మూడుసార్లు అడిగి నేర్చుకున్నాడట. సమోవా పేర్లు పొడుగ్గా ఉంటాయి. "మా పేరు అంత ఓపికగా పలికినవాడు అంతకు ముందు ఆర్మీలో ఎవడూ లేడు" అన్నాడు. కారణం అడిగితే ఇంకేం చెప్పలేదు.

రవీ, నీ ప్రశ్నకు నా దగ్గరున్నది ఇంతే.

వచ్చే నెల రెండో శని ఆదివారాలు వాళ్లకు డ్రిల్. ఆ రెండు రోజులూ ఆయన షిఫ్టు నేను చేస్తానని చెప్పాను.